పెన్సిల్‌తో రాసే బరువు

ఆమె పోయిందని నాకు జమ్మలమడుగు బస్టాండులో తెలిసింది. చెప్పింది కలమల్లాయన. ఊరి పేరే ఆయన పేరైంది. థర్మల్ ప్లాంటులో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి ఆయన. ప్రొద్దుటూరు డయాలసిస్ సెంటరులో నా భార్య పక్క మంచం ఆయనది.

"మన సిస్టరమ్మ లేదంట కదప్పా. వేంపల్లెలో, ఇంట్లోనేనంట. నిన్ననే మట్టి కూడా అయిపాయనంట" అన్నాడు. ఇంకో మాట అనబోయి, బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె వంటింటి గడప మీద కూర్చుని ఎడమ ముంజేతిని కుడిచేత్తో మూసి పట్టుకుంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి రెండు రక్తనాళాలను కలిపి కుట్టిన చోటు అది. ఫిస్టులా అంటారు. చాలాసేపు అట్లాగే పట్టుకుని ఉంది.

నేను నాపరాయి బండలు కొలిచేవాణ్ని. చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. బండ పొడవూ వెడల్పూ చూస్తే చదరపు అడుగులు నోటితోనే చెప్పేస్తాను. ఆ అలవాటు కొద్దీ ఆ సాయంత్రం ఒక లెక్క వేశాను. డయాలసిస్ నర్సుగా సిస్టరమ్మ చేతికింద మేము మూడున్నరేళ్లు ఉన్నాం. డయాలసిస్‌కు పండగలు లేవు కాబట్టి వారానికి మూడు చొప్పున ఐదువందల నలభై ఆరు సార్లు. ఆమె సెలవులు తీసేసినా ఐదువందలకు తగ్గదు. సారికి నాలుగు గంటలు. అంటే రెండువేల గంటలు ఒకే గదిలో ఉన్నాం. అంతసేపు ఉండి కూడా ఆమె ఇంటిపేరు నేను అడగలేదు. పిల్లలున్నారో లేరో తెలియదు. ఆమె పనిచేసే తీరు మాత్రం నిన్న చూసినంత బాగా గుర్తుంది.

పొట్టి మనిషి. యాభై దాటి ఉంటాయి. గదిలోకి రాగానే రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడేది. మొదటి రోజు చూసి, చలేస్తున్నట్టుందే అనుకున్నాను. ఏప్రిల్ నెలలోనూ అట్లాగే నిలబడితే అడిగాను. "ఏసీలో చేతులు సల్లగైతాయన్నా. సల్లటి చెయ్యి పడితే నరం ముడుచుకుంటాది. అది మనకు భయపడకూడదు గదా" అంది. చేతులు వెచ్చబడ్డాకే ఎవరినైనా తాకేది.

ఫిస్టులా మీద ముందు వేళ్లు ఆనించేది. లోపల రక్తం జుమ్మని పారే అదురు చేతికి తెలుస్తుంది. తర్వాత స్టెతస్కోపు ఉన్నా దాన్ని మెడకే వదిలేసి, తలుపు అవతల మాటలు వినేవాళ్లలాగ చెవి పెట్టి వినేది. "పలుకుతాంది" అంటే ఆ పూటకు పర్వాలేదని. ఒకసారి మాత్రం రెండుసార్లు చెవి పెట్టి, "ఈ పొద్దు గొంతు మారింది, సన్నంగా ఈల మాదిరి వస్తాంది" అంది. నాకు తేడా ఏమీ వినపడలేదు. స్కానులో నరం ఒకచోట ఇరుకైందని తేలింది. ఇంకో వారం ఆగి ఉంటే మూసుకుపోయేదని చెప్పి డాక్టరు బెలూనుతో సరిచేశాడు.

ఆ చేతికి గాజులు వద్దన్నప్పుడు మా అత్త గొడవపడింది. ఆమెది పులివెందుల పక్కన పల్లె. బిడ్డను చూడడానికి వచ్చి, ఎడమచెయ్యి బోసిగా ఉండటం చూసి తట్టుకోలేకపోయింది.

"మొగుడు బతికుండంగా చెయ్యి బోడిగా ఉండచ్చునా సిస్టరమ్మా?"

"మొగుడు బతికుండాడు లేమ్మా, ఆడ కూసోని లెక్కలు రాసుకుంటాండాడు. నీ బిడ్డ బతకల్ల గదా. గాజు పగిలి ఈడ గుచ్చుకుంటే రక్తం నిలబడదు. కుడిచేతికి రెండు డజన్లు ఎయ్యి, నేనేమన్నా వద్దంటినా?"

మా అత్త నిజంగానే ఎడమచేతి గాజులు కూడా కుడిచేతికే వేసింది. ఆమే మరోసారి గండి ఆంజనేయస్వామి తీర్థం లీటరు సీసా నిండా తెచ్చింది. సిస్టరమ్మ సీసాను కళ్లకద్దుకుని, మూత తీసి, మూతలోకి నాలుగు చుక్కలు పోసి నా భార్య నోట్లో వేసింది. మిగతాది మా అత్త చేతిలోనే పెట్టేసింది. "స్వామి ఉద్ధరిణెతో ఇస్తాడు గానీ బిందెతో ఇయ్యడు గదమ్మా. ఇది నువ్వు తాగు, నీకు కిడ్నీలు ఉండాయి." సంచిలో ఉన్న చీనీకాయలకూ, అదే బత్తాయిలకూ, అరటిపండ్లకూ అదే తీర్పు. వాటిలో పొటాషియం ఎక్కువ, గుండె ఆగేంత పని చేస్తుందని ఆమె చెప్పేదాకా మాకు తెలియదు. సొంత తోటలో కాసిన కాయలు జబ్బు చేసిన బిడ్డకు పెట్టకూడదంటే ఏ తల్లికైనా నమ్మకం కుదరదు. సిస్టరమ్మ ఆ కాయలను వార్డులో అటెండర్లకు పంచేసి, తొక్కలు చూపించి మరీ మా అత్తను బస్టాండుకు పంపింది.

నీళ్ల లెక్కలో మొదట ఓడిపోయింది నేనే. కిడ్నీలు పనిచేయవు, తాగినవి ఒంట్లోనే ఉండిపోతాయి కాబట్టి రోజుకు ఆరువందల మిల్లీలీటర్లు మించకూడదన్నారు. నేను రెండువందలు పట్టే గ్లాసు ఒకటి కొని, రోజుకు మూడుసార్లు నా చేత్తోనే పోసి నోటుబుక్కులో రాశాను. రెండు రోజుల తర్వాత చూస్తే బరువు మూడు కిలోలు పెరిగింది. తక్కెడ తప్పు చూపిస్తోందేమో అన్నాను.

"సంగటి తిన్యారా అన్నా?" అంది.

"తిన్యాం."

"సంగటికి ఎసురు పెట్టినారా, లేకుంటే పిండి బుక్కినారా?"

నేను నోటుబుక్కులో ఆ రోజు పేజీ తీశాను.

"ఆ ఎసురు ఎవురి లెక్కలో రాసినావు? పప్పులో నీళ్లు? మజ్జిగ? దోసకాయ?"

పక్క మంచం నుంచి కలమల్లాయన నవ్వాడు. "మా ప్లాంటులో గూడా ఇంతేనమ్మా. పైపులో నీళ్లకు మీటరుండె, ఆవిరికి ల్యా. ఈయప్పకు గ్లాసులో ఉంటేనే నీళ్లు."

ఆ రోజు నుంచి సంగటి ముద్దను కూడా తూకం వేశాను. ఎసురు ఎంత, పిండి ఎంత అని నోటుబుక్కులో ఇంకో గీత పెరిగింది. ఆమె అది చూసి మెచ్చుకుంది. నా లెక్కలను ఆమె ఏనాడూ ఎగతాళి చేయలేదు. ఎగతాళంతా నేను లెక్కలో వేయని వాటి గురించే.

యంత్రం రక్తపోటును అరగంటకోసారి కొలుస్తుంది. ఆమె మాత్రం ఆవలింతలు చూసేది. యంత్రం ఒంట్లోని నీళ్లు తీస్తూ ఉండగా రక్తపోటు పడిపోబోయే మనిషి ముందు ఆవలిస్తాడట, తర్వాత చెమట పడుతుందట, యంత్రం కుయ్యిమనేది ఆ తర్వాతేనట. గదిలో ఆరు మంచాలు. ఎవరు ఆవలించినా ఆమె చేతిలో పని వదిలి వచ్చేది. కలమల్లాయన మధ్యాహ్నం భోంచేసి వచ్చి బారుగా ఆవలిస్తే పరిగెత్తి వచ్చి నుదురు తాకి, "నీయమ్మ, అన్నం తిన్న ఆవలింతనా మామా ఇది? ముందే చెప్పకూడదా!" అనేది. "చెప్పి ఆవలిచ్చల్నా?" అని ఆయన. ఇదే మాటలు వారానికోసారైనా జరిగేవి. ఇద్దరికీ విసుగు రాలేదు.

డ్రై వెయిట్ అని ఒక అంకె ఉంటుంది. ఒంట్లో ఎక్కువ నీళ్లేవీ లేనప్పుడు మనిషి ఉండవలసిన బరువు. నా భార్యకు యాభైరెండు కిలోలు. వచ్చినప్పుడు యాభైనాలుగున్నర ఉంటే రెండున్నర కిలోల నీళ్లు తీయాలి. తీసివేత లెక్కే కదా అనుకున్నాను. అందుకే తూకం చూసి అంకె చెప్పే పని నేనే తీసుకున్నాను.

మొదటి ఏడు చలికాలంలో ఒక పొద్దు, డయాలసిస్ అయ్యాక అట్నుంచి అటే పెళ్లికి పోవాలని నా భార్య పట్టుచీర కట్టుకుంది. పైన స్వెట్టరు, దాని మీద శాలువా, నడుముకు వడ్డాణం. ఆమె తక్కెడ ఎక్కింది, నేను అంకె చదివాను, సిస్టరమ్మ అటు తిరిగి ఇంకొకరికి సూది పెడుతూనే విని, ఆ అంకెనే యంత్రంలో పెట్టింది. మంచం ఎక్కాక శాలువా, స్వెట్టరు తీసి కాళ్ల దగ్గర పెట్టాం. మూడో గంటలో నా భార్య పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయి కేక పెట్టింది. వెంటనే కళ్లు తేలేసింది. సిస్టరమ్మ ఒక్క ఉరుకున వచ్చి మంచం తలవైపు దించి, నీళ్లు తీయడం ఆపి, సెలైను వదిలింది. నా భార్య కళ్లు తెరిచాక సిస్టరమ్మ చూపు కాళ్ల దగ్గరి శాలువా మీద పడింది. పట్టుచీర అంచు పట్టుకుని బరువు చూసింది.

"చీరలోంచి గూడా నీళ్లు తీసినాము అన్నా" అంది.

తప్పు నాదని నేనంటే ఒప్పుకోలేదు. "కాదు, నాదే. నంబరు ఇన్న్యా, మనిషిని చూళ్ల్యా." ఆ మాట నాతో అన్నట్టు లేదు.

నేను ఇంటికి వచ్చి ఆ బట్టలూ వడ్డాణమూ తూకం వేశాను. మామూలు చీర కంటే కిలో మూడువందల గ్రాములు ఎక్కువ. ఆ తర్వాత డయాలసిస్‌కు రెండు నూలు చీరలు కేటాయించాను. రెండూ నాలుగువందల ముప్పై గ్రాములే. చెప్పులు లేకుండా, ఫోను లేకుండా, అవే చీరలతో, అదే తక్కెడ మీద తూకం. ఇంకెప్పుడూ తప్పు జరగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. తప్పు జరగలేదు కూడా. ఏడాదిన్నర పాటు ప్రతిసారీ ఆమె మంచం దిగేటప్పటికి యాభైరెండు. వందగ్రాములు అటూ ఇటూ అంతే.

ఆ ఏడాదిన్నర చివర, ఎండాకాలంలో నా భార్యకు తిండి సయించలేదు. అదే సమయంలో పడుకుంటే ఆయాసం మొదలైంది. మొదట రెండు దిండ్లు, తర్వాత మూడు, చివరికి గోడకు ఆనుకుని కూర్చునే నిద్ర. ఎండలకేమో అనుకున్నాం. నోటుబుక్కు తీసి చూస్తే అన్నీ యాభైరెండ్లే. అంకె సరిగా ఉన్నప్పుడు ఇక ఏం వెతకాలో నాకు తెలియలేదు. సెంటరులో కూడా మంచం తలవైపు పైకెత్తించుకునే పడుకునేది. సిస్టరమ్మ ఆ నెలంతా సెలవులో ఉంది. వచ్చిన మొదటి రోజు మేము ఆటో దిగి లోపలికి వస్తుంటే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను పలకరించలేదు. నా భార్యనే చూస్తోంది.

"ఆటో కాడ్నుంచి ఈడికి రెండుసార్లు నిలబడినావు. ముందు నిలబడేదానివి కాదే" అంది.

కూర్చోబెట్టి, కుడిచేతిని పైకెత్తించింది. రెండు డజన్ల గాజులూ గలగలమని మోచేతి దాకా జారాయి. తర్వాత నేల మీద గొంతుక్కూర్చుని కాలి మెట్టె పట్టుకుని తిప్పబోయింది. మెట్టె తిరగలేదు. వేలి కండలోకి దిగిపోయి ఉంది. చీలమండ మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట అట్లాగే నిలిచింది.

"పైన వదులు, కింద బిగువు" అని లేచింది. "మ్మే, రవికె కుట్లు ఎన్నిసార్లు లోపలికి ఏసినావు?"

"రెండుసార్లు" అంది నా భార్య.

ఆ సంగతి నాకు తెలియదు. సంగటిలో ఎసురు కూడా రాసిన నా నోటుబుక్కులో అది లేదు.

"రెండు రెండున్నర కిలోల కండ పోయిందన్నా ఈమెకు. ఆ జాగాలో అంతే నీళ్లొచ్చి కూసున్యాయి. తక్కెడకు కండేదో నీళ్లేదో ఏం తెలుస్తాది? గుండె చుట్టూ, ఊపిరితిత్తుల్లో నీళ్లు నిలబడితే పండుకున్న మనిషికి గాలెట్లాడుతాది? యాభైరెండు కాదు, ఈమెది ఇప్పుడు యాభై లోపలే."

 పట్టుచీర రోజు కళ్ల ముందుకు వచ్చింది. కిలో మూడువందలు ఎక్కువ తీస్తేనే కళ్లు తేలేసిన మనిషి. ఇప్పుడు రెండున్నర కిలోలు తీయాలంటోంది సిస్టరమ్మ. నేను నోటుబుక్కు తెరిచి చూపించాను. "చూడు సిస్టరమ్మా, ఒక్కసారి గూడా తేడా ల్యా. ఇన్నిసార్లు సరిగ్గా వచ్చిన నంబరు తప్పెట్లయితాది?"

ఆమె బుక్కును పక్కకు నెట్టలేదు. పేజీలు తిప్పి శ్రద్ధగా చూసింది. తర్వాత తన రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టింది. అప్పుడు గమనించాను. రక్తపోటు, మందులు, తీసిన నీళ్లు, అన్నీ పెన్నుతో ఉన్నాయి. డ్రై వెయిట్ గడిలో అంకె ఒక్కటే పెన్సిల్‌తో ఉంది. ఆరు మంచాలకూ అంతే.

"ఇది నేను ఎప్పుడూ పెన్నుతో రాయనన్నా. మనిషి తింటే మారుతాది, తినకుంటే మారుతాది. నీ లెక్క తప్పని నేనంటాండానా? నువ్వు దేన్ని కొలిచినావో అది సరిగ్గానే కొలిచినావు."

బండల యార్డులో నేను పొడవూ వెడల్పూ కొలుస్తాను. మందం కొలవను. ఏ బండ అంగుళం, ఏది ముప్పావు అన్నది దాన్ని భుజానికెత్తే కూలీకి తెలుస్తుంది. చదరపు అడుగులు సమానంగా ఉన్న రెండు బండల్లో ఒకటి వాడు నవ్వుతూ ఎత్తుతాడు, ఒకటి మూలుగుతూ ఎత్తుతాడు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నదే. అది అప్పుడు గుర్తొచ్చింది. కానీ గుర్తొచ్చినంత మాత్రాన భయం పోలేదు.

ఆమె డాక్టరుకు ఫోను చేసి అంతా చెప్పింది. ఆయన వచ్చి ఛాతీ ఎక్స్‌రే తీయించి చూసి, ఆమె చెప్పిందే సరైనదన్నాడు. ఒక్కసారిగా వద్దు, సారికి నాలుగువందల గ్రాములు తగ్గిస్తూ పోదాం, మధ్యలో రక్తపోటు పడే ప్రమాదం ఉంది, ఇంటివాళ్లు కూడా ఆలోచించుకోండి అని నావైపు చూశాడు. నేను వారం ఆగుదామన్నాను.

నా భార్య నెమ్మది మనిషి. ఆస్పత్రిలో ఎవరేమడిగినా నావైపు చూసేది, నేనే జవాబు చెప్పేవాణ్ని. ఆ రోజు నావైపు చూడలేదు.

"నంబరు నీది, ఊపిరి నాది. వారం ఎట్ల ఆగల్ల నేను? సిస్టరమ్మ చెప్పినట్ల కానీయ్" అంది. ఆ మాత్రం మాటలకే ఆయాసపడి ఆగి, "కూసోని నిద్రపోయి నడుము పోతాంది" అని ముగించింది.

 కలమల్లాయన పైకప్పు కేసి చూస్తూ పడుకున్నాడు.

సిస్టరమ్మ రబ్బరుతో యాభైరెండు చెరిపి, యాభైఒకటి పాయింటు ఆరు అని రాసింది. ఆ పూట నాలుగు గంటలూ స్టూలు వేసుకుని నా భార్య మంచం పక్కనే కూర్చుంది. మిగతా మంచాలకు లేచి పోయి మళ్లీ అక్కడికే వచ్చేది. మాట్లాడించేది. కూర ఏంది, మీ పిల్ల ఊరి నుంచి ఎప్పుడు వస్తాంది, ఈ నూలుచీర యాడ కొన్యావు. మాటలు తగ్గితే చెయ్యి పట్టుకుని వేళ్లు చూసేది. రెండోసారి యాభైఒకటి పాయింటు రెండు. మూడోసారి పిక్క పట్టేసింది. నేను లేచి నిలబడి, ఆపేయమన్నాను. ఆమె నావైపు తిరగకుండానే పాదాన్ని తన కడుపుకు ఆనించుకుని గట్టిగా వెనక్కి వంచి, నీళ్లు తీసే వేగం తగ్గించి, "ఇది కాలి నొప్పన్నా, మనిషికేం కాలేదు. రంగు చూడు, మాట చూడు. కూసో" అంది. కూర్చున్నాను. ఆ పూట అనుకున్నదాంట్లో సగమే తీసి ఆపింది. ఓడిపోయినట్టు కనిపించలేదు ఆమె. గడిలో యాభైఒకటి అని రాసుకుంది.

ఆరోసారి గడిలో నలభైతొమ్మిది పాయింటు ఎనిమిది అని ఉంది. మధ్యాహ్నం రెండు గంటలవుతోంది. మూడో గంట నడుస్తోంది. మంచం తలవైపు ఎప్పటిలాగే నిలువుగా ఎత్తి ఉంది. సిస్టరమ్మ స్టూలు మీద నుంచి లేచి మంచం కాళ్ల వైపు వెళ్లి వంగి, దాన్ని ఎత్తి దించే పిడి పట్టుకుంది.

"కొంచెం దించుదామా మ్మే?"

"ఊ" అంది నా భార్య.

ఆమె రెండు చుట్లు తిప్పి ఆగింది. "గాలి ఆడుతాందా?"

"ఆడుతాంది."

ఇంకో రెండు చుట్లు. "ఇప్పుడు?"

"ఊ."

నేను నా భార్య ఛాతీనే చూస్తున్నాను. నెలన్నర నుంచి అంత కిందికి ఆమె తల దిగడం చూడలేదు. సిస్టరమ్మ మళ్లీ రెండు చుట్లు తిప్పింది. మంచం దాదాపు చదునైంది.

"ఇంగా దించల్నా?"

జవాబు రాలేదు.

నేను లేచాను. సిస్టరమ్మ పిడి వదిలి, ఉరకకుండా, మామూలుగా నడిచి తలవైపు వచ్చింది. వెచ్చటి చేతి వెనకవైపు నుదుటి మీద ఆనించింది. పెదాలు చూసింది. ముఖం మీదకు వంగి శ్వాస వింది. నేను ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాను. యంత్రం వైపు ఆమె ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

"నిద్రన్నా" అంది, గొంతు తగ్గించి.

మళ్లీ కాళ్ల వైపు వెళ్లి, చప్పుడు కాకుండా మిగిలిన ఒక్క చుట్టు తిప్పి, మంచాన్ని పూర్తిగా పరిచింది.